గంజి పోసిన చెయ్యి

నా గొంతులోకి దిగిన చివరి చెంచా గంజి ఎవరి చేతిదన్న విషయం మీద వాట్‌గంజ్‌లో మా సందు పెద్దమనుషులు కూర్చుని, రెండు విడతలు టీ తాగి, తేల్చలేక లేచిపోయారు. చిక్కెక్కడ వచ్చిందంటే, ఆ గంజి లోపలికి వెళ్లినట్టే వెళ్లి వాంతిలో బయటికి వచ్చేసింది. బయటికి వచ్చినదాన్ని పోసినట్టు లెక్కగట్టాలా, కూడదా అన్నది వాళ్ల ధర్మసందేహం. ఆ సమయానికి నేను ముక్కులో గొట్టంతో, మూతి ఒక పక్కకి జారిపోయి, ఆసుపత్రి మంచం మీద పడి ఉన్నాను. నన్నెవరూ అడగలేదు.

అడిగినా చెప్పగలిగేదాన్ని కాదు. మాట పోయింది. నేను బెంగాల్లో రేవు పక్కనున్న ఖిదిర్‌పూర్ తెలుగు బడిలో పంతులమ్మని. పిల్లలకి లెక్కలకన్నా కోతలే ఎక్కువ చెప్పానని పేరు. మా మావగారు రేవులో క్రేను నడిపేవారు. ఒకసారి ఓడలోంచి ఏనుగుని దింపుతుంటే అది గాల్లో వేలాడుతూ బెంగపెట్టుకుందనీ, ఆయన క్రేను మధ్యలో ఆపి, దాని తొండానికి అరటిపండు అందించి బుజ్జగించారనీ నేను అల్లిన కథని ఇప్పుడు సందులో ముసలివాళ్లు కళ్లారా చూసినట్టు చెబుతారు. కాబట్టి ముందే ఒక మాట. ఈ రాతలో మీకు నమ్మబుద్ధేసిన చోట్ల నేను కొంచెం చెక్కి ఉండొచ్చు. నమ్మలేనట్టున్నవన్నీ నిజం.

ఇప్పుడు నడుస్తున్నాను. కుడికాలు ఇంకా నా వెనకే వస్తోంది తప్ప నాతో కలిసి రావడం లేదు. ఇది ఎడమచేత్తో రాస్తున్నాను. కొంత నా కసి తీరడానికి, కొంత మీ ఇళ్లల్లో ఇలాంటిది జరగకుండా ఉండడానికి.

మా ఇంట్లో మేమిద్దరమే. నేనూ, మా అత్తా. మా ఆయన పోయి చాన్నాళ్లయింది, పిల్లలు లేరు. ఆయన పోయేముందే ఉన్న రెండు గదులూ నా పేర రాయించాడు. మా అత్త అప్పలనరసమ్మ ఎనభై దాటిన మనిషి. చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతుంది. పొద్దున చెప్పినది సాయంత్రానికి మరిచిపోతుంది కానీ, పెళ్లిలో మా పుట్టింటివాళ్లు పెట్టిన పప్పు పలచనైందని మాత్రం మరవదు. ఈ జబ్బు మొదలైన రోజునుంచీ నాకు ఒకటే భయం. చావు గురించి కాదు. నేను పోతే ఈవిడ ఎక్కడ పడుకుంటుంది, ఎవరు అన్నం పెడతారు? ఎందుకంటే అప్పటికే మా పాత ఇంటి మీద ఒక ప్రమోటరు కన్ను పడింది. దాన్ని పడగొట్టి అపార్టుమెంటు కడతాడట, గది ఉన్నవాళ్లకల్లా ఫ్లాటు ఇస్తాడట. అంతవరకు తొంగిచూడని చుట్టాలకి మా గదుల వాసన తగిలింది.

కాళీ పూజ వెళ్లిన మర్నాడు బడికి సగం మందే వచ్చారు. ఆ సగానికీ కళ్లలో టపాసుల పొగ. నేను రాక్షసి కథ చెబుతున్నాను. రాక్షసి మూతి వంకర తిప్పే చోట నా మూతి దానంతటదే తిరిగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. చేతిలోంచి చాక్‌పీసు జారింది. అందుకోబోయి కూలబడ్డాను. చప్పట్లు ఇంకా గట్టిగా వచ్చాయి. నా నోట్లోంచి కారుతున్న సొంగ చూసి ముందు వరసలో పిల్ల, “మాస్టరమ్మా, ఈపాలి మాబాగా సేసినారు” అంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో అంత మనస్ఫూర్తి మెచ్చుకోలు ఎప్పుడూ దొరకలేదు. దానికోసం నేల మీద పడుకుని గురగురలాడాల్సి వచ్చింది.

హెడ్‌మిస్ట్రెస్ వచ్చి చూసేదాకా అది జబ్బని ఎవరికీ తోచలేదు. అలా కొంత విలువైన సమయం పోయింది. మీ ఇంట్లో ఎవరికైనా మూతి ఒక పక్కకి పోయినా, చెయ్యి లేవకపోయినా, మాట ముద్దైనా, వాళ్లు ఎంత వేళాకోళం మనిషైనా సరే, ముందు ఆసుపత్రికి తీసుకెళ్లండి. నవ్వడానికి తర్వాత తీరిక దొరుకుతుంది.

పెద్ద సర్కారు ఆసుపత్రి. పేరు చెప్పను, అక్కడ నన్ను బతికించారు. కానీ ఆ వార్డు కంపు ఇప్పటికీ నా జుట్టులోంచి పోలేదు. ఫినాయిలు, దాని కింద అసలు వాసన, ఆ కింద మరొకటి. మంచాల కింద పిల్లులు తిరిగేవి. నా మంచం కింది పిల్లి బాగా బలిసిన ఆడది. వార్డు తనదే అన్నట్టు నడిచేది. కదలలేక, పక్కకి తిరగలేక, నా కింద పెట్టిన బెడ్‌పాను చల్లబడుతుంటే సీలింగు ఫ్యాను మీద బూజు చూస్తూ పడి ఉండేదాన్ని. సిగ్గు మొదట్లో ఉండేది. చలి ముదిరేసరికి అది కూడా పోయింది.

డాక్టరు చెప్పింది ఒక్కటే. మింగే శక్తి పోయింది, నోట్లో వేసినది కడుపులోకి కాకుండా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి నోటితో చుక్క నీళ్లు కూడా ఇవ్వకూడదు. ముక్కులో గొట్టం వేసి, దాంట్లోంచి పాలూ జావా పోశారు. నా తల పైన అట్టముక్క వేలాడదీశారు, నోటితో ఏమీ ఇవ్వరాదని. పక్క మంచంలో తుంటి విరిగిన బెంగాలీ ఆవిడ ఉండేది. వార్డంతా ఆవిడని బౌదీ, అంటే వదినా, అని పిలిస్తే నేనూ మనసులో అలాగే పిలిచాను. బౌదీ ఆ అట్ట చదివి, “నీ అదృష్టం దిదిమోనీ, ఇక్కడి చేప తినక్కర్లేదు” అంది. దిదిమోనీ అంటే పంతులమ్మ.

ఇక్కడ మా సందు ఆచారం ఒకటి చెప్పాలి, లేకపోతే మిగతాది మీకు పిచ్చిగా ఉంటుంది. చెప్పాక కూడా అలాగే ఉంటుంది. మా తాతల కాలంలో శ్రీకాకుళం తీరం నుంచి మగవాళ్లు ఒంటరిగా వచ్చి రేవులో బొగ్గు మోశారు, జనపనార బేళ్లు మోశారు. ఒక్కో గదిలో పది మంది. పగటి పనివాడు లేచిన చోట రాత్రి పనివాడు పడుకునేవాడు. వాళ్లలో ఒకడు మంచాన పడితే ఊళ్లోంచి తల్లీ పెళ్లామూ రాలేరు కదా, ఎదురు షిఫ్టువాడు గంజి కాచి పోసేవాడు. రోగి పోతే అతను పడుకునే చోటూ, ట్రంకు పెట్టే, ముఠాలో పనీ, ఆ గంజి పోసినవాడికే చెందేవి. పెద్దమనుషుల ఎదుట పోయాలి. రోగి పొయ్యి మీదే కాచాలి. చివరిగా పోసిన చెయ్యి ఎవరిదైతే హక్కు వారిది. రాతకోతలు తెలియనివాళ్లు పెట్టుకున్న కట్టుబాటు, ఆ రోజులకి తప్పు కాదు. కానీ ఆ గదులకి దస్తావేజులొచ్చాయి, కరెంటొచ్చింది, ఏసీ వచ్చింది. గంజి హక్కు మాత్రం గిన్నె అడుగున మాడులా అలాగే అంటుకుని ఉంది.

హక్కుదారులు ఇద్దరు తేలారు. ఒకడు మా బావగారి కొడుకు ధర్మారావు, సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లలో ఉంటాడు, ఆఫీసులో ఇంగ్లీషు ఉత్తరాలు రాసే ఉద్యోగం. మా అత్తకి సొంత మనవడు. రెండోవాడు నా తమ్ముడు సింహాచలం, ఖిదిర్‌పూర్ బజార్లో మొబైల్ దుకాణం. ఇద్దరూ సాయంత్రం చూడ్డానికి వదిలే వేళకి స్టీలు డబ్బాలతో దిగేవాళ్లు. ఇద్దరి వెనకా మా సందు పాత ముఠా సర్దారు తవిటయ్య, చూసినవాడుండాలి కాబట్టి.

మొదటి రోజు గొట్టం చూసి తవిటయ్య డీలాపడ్డాడు. “మరి ఇందలోంచి పోస్తే నెక్కలోకి రాదు. అది ఆసుపత్రోళ్ల సెయ్యి” అన్నాడు.

“నోట్లో పోస్తే పోద్దా మావా?” అన్నాడు తమ్ముడు, నేనేదో బస్తా అయినట్టు.

“నోటితోనే పొయ్యాల. అదే మన పద్ధతి.”

నేను కళ్లు పెద్దవి చేసి చూశాను. నాకు మిగిలిన ఆయుధం అదొక్కటే. తమ్ముడు, “అప్ప ఊఁ అంటంది” అన్నాడు.

ఆ రోజు నర్సు తరిమేసింది. అలా కొన్నాళ్లు డబ్బాలు వచ్చేవి, వెళ్లేవి. తీసుకెళ్లేముందు గంజి మంచం పక్కన వంపేసేవాళ్లు, ఇంకొకరి చేతికి చిక్కకుండా. పిల్లి ఇంకా బలిసింది.

నర్సు అటు తిరిగిన ఒక సాయంత్రం ధర్మారావు పని కానిచ్చాడు. అతని భార్య ఫోను ఎత్తి పట్టుకుంది. తవిటయ్య గోడకి ఆనుకుని నిలబడ్డాడు. ధర్మారావు నా గడ్డం పట్టుకుని, పశువు నోరు తెరిచినట్టు తెరిచి, “పిన్నీ, కొంచెం, కొంచెమే” అంటూ చెంచా పెట్టాడు. ఆ గొంతులో ఎంత ప్రేమంటే, వీడియోలో వింటే మీకు కళ్లు చెమర్చేవి. తలపైన అట్ట ఇంగ్లీషులో ఉంది. రోజూ ఇంగ్లీషు రాసి బతికే మనిషి దాన్ని చదవలేకపోయాడు.

చల్లారిన గంజి, మాడు వాసన. గొంతులో ఆగింది, మింగమని గొంతుకి చెప్పాను, అది వినలేదు. లోపల ఎక్కడికో పోకూడని చోటికి జారింది. ఊపిరి తీసుకుంటే గంజి వచ్చింది. బౌదీ మంచం మీంచి అరుస్తోంది, “ఓ దాదా, కీ కోర్ఛేన్, ఏం చేస్తున్నారు మీరు, మనిషి చచ్చిపోతోంది” అని. నేను కక్కుకున్నాను. ముక్కులోంచి, నోట్లోంచి, గొట్టం పక్కనుంచి. ధర్మారావు భార్య ఫోను ఆపలేదు. ధర్మారావు రుమాలుతో తన చొక్కా తుడుచుకున్నాడు. నా మూతి తుడిచింది బౌదీ తనకోసం పెట్టుకున్న ఆయా.

అది ఊపిరితిత్తుల్లో చీము పట్టించి నన్ను ఐసీయూకి తోసింది. అక్కడ ఎంతకాలమున్నానో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. యముడు మంచం దగ్గరికి వచ్చి, మా సందు పెద్దలు తన మీద కూడా మీటింగు పెడతారేమోనని జడిసి తిరిగి వెళ్లిపోయాడని బడిలో పిల్లలకి చెప్పాను. అసలు జరిగింది ఇంతకన్నా చవకబారు. గొట్టాల మధ్య మెలకువ వచ్చినప్పుడల్లా గాజు తలుపు అవతల ధర్మారావూ, సింహాచలమూ వాదించుకోవడం కనపడేది. నా ప్రాణం గురించి కాదట. తర్వాత తన ఆయా విన్నదని బౌదీ చెప్పింది, లోపలికి రానిస్తే కనీసం పెదవులకి గంజి రాయొచ్చా అని తమ్ముడు డాక్టరుని అడిగాడట. డాక్టరుకి అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నా రక్తం కదా.

సందులో మీటింగు జరిగింది అప్పుడే. వాంతైంది కాబట్టి చెల్లదని తమ్ముడి వాదన. గొంతు దాటింది కాబట్టే జబ్బు చేసింది, అంటే లోపలికి వెళ్లినట్టే, ఊపిరితిత్తుల ఎక్స్‌రేయే సాక్ష్యం అని ధర్మారావు వాదన. నన్ను చావుదాకా తీసుకెళ్లిన మచ్చని అతను హక్కు పత్రంగా చూపించాడు. తమ్ముడు నర్సుకి ఈ సంగతి మొరపెట్టుకుంటుంటే విని బౌదీ, “కింద పడినదంతా పిల్లి నాకింది కదా, గదులు దాని పేర రాయించమను” అంది. అప్పటికి నేను వార్డులోకి తిరిగి వచ్చేశాను. ఎడమ పక్క మూతితో నవ్వాను. జబ్బు చేశాక అదే మొదటి నవ్వు.

ఆ తర్వాత కొద్ది రోజులకి, మంచి చలిలో, మా అత్త వచ్చింది. ఒంటరిగా. ఎలా వచ్చిందో ఇప్పటికీ తేలలేదు. బస్సెక్కానని ఒకసారి, పోలీసులు జీపులో దింపారని ఒకసారి, నడిచొచ్చానని ఒకసారి చెప్పింది. మా ఇంట్లో ఆ విద్య నా ఒక్కదానిదే కాదు. ఎప్పటి చీరో, అంచు నల్లబడి, ఒంటికి వేలాడుతోంది. మనిషి సగమైపోయింది. బుగ్గలు లోపలికి పోయి, చెవులు పెద్దవైనట్టు కనపడ్డాయి.

మంచం పక్క స్టూలు మీద కూర్చుని నా గొట్టాన్ని వేలితో పొడిచింది.

“ఏటే ఇది, తొండమేటి?”

తర్వాత కొంగు ముడి విప్పింది. అందులో గుప్పెడు మురీలు, అదే మరమరాలు, ఉన్నాయి. ఈవిడ కూడా నా నోట్లో పెడుతుందనుకున్నాను. పెట్టలేదు.

“నీకు పెట్టొద్దన్నారంట కదే. సరే, నాను తింతాను. నువ్వు సూడు.”

పళ్లు లేని దవడలతో ఒక్కో మురీ నానబెట్టుకుని నానబెట్టుకుని తింది. ఇంతమంది డబ్బాలు మోసుకొచ్చారు, నాకు పెట్టకూడదన్న మాట విన్నది పొద్దున సంగతి సాయంత్రానికి గుర్తుండని ఈ ముసలావిడే. తింటూ తింటూ, ఊరి కబుర్లు చెప్పినట్టు చెప్పింది.

“మనింట్ల రెండు గిన్నెలు కాగతాయే రోజూ. ఓ గిన్నె ధర్మారావు పెళ్లాంది, ఓ గిన్నె మీ తమ్ముడిది. మన పొయ్యే, మన బియ్యమే. వాసన వొస్తాది, మాబాగుంతాది. కాసింత పొయ్యండర్రా అన్నాను. అది రోగిది నాయనమ్మా, నువ్వు ముట్టుకుంటే ఎంగిలైపోతాది, అన్నాడు ఆడు. మూత పెట్టీసి తీసుకెల్లిపోతారు. మూల కొట్టోడు మురీలిస్తన్నాడు, నీ పేర. నువ్వొచ్చి ఇచ్చీ.”

మింగలేనిదానికి రోజూ రెండు గిన్నెల గంజి. మింగగలిగిన మనిషికి వాసన. ఆ గంజి నా మంచం కింద పిల్లి తాగింది. మా అత్త పొయ్యి పక్కన గోడకానుకుని వాసన తాగింది. సొంత మనవడు. నా సొంత తమ్ముడు. 

బౌదీకి తెలుగు రాదు. కానీ ఆ కొంగులో మురీలు చూసి ఇంకేమీ అడగలేదు. తన పళ్లెం, అన్నమూ చేపముక్కా ఉన్నది, ఆయా చేత మా అత్త ఒళ్లోకి పంపించింది. ఆ ఆసుపత్రి చేపని ఆవిడ ముల్లు కూడా వదలకుండా తింది. ఆ రోజు నుంచి నేను ఇంటికి వెళ్లేదాకా బౌదీ కొడుకు బ్యాంకుకి వెళ్తూ వాట్‌గంజ్‌లో ఆగి ఒక టిఫిను డబ్బా ఇచ్చి వెళ్లాడు. “కూరలో పంచదారేటే, వీళ్లకి బుద్ధుందేటి” అని తిట్టుకుంటూ మా అత్త ఒళ్లు చేసింది.

అత్త వచ్చిన ఆ సాయంత్రమే, ఆవిడ వెళ్లాక, ధర్మారావు ఒక్కడే డబ్బాతో వచ్చాడు. “పిన్నీ, ఎలా ఉన్నావు” అన్నాడు. అంతవరకు గుర్ మనడం తప్ప రాని నా గొంతులోంచి మాట ఊడిపడింది. స్పష్టంగా, అక్షరం పోకుండా. వార్డులో తెలుగు తెలిసినవాళ్లు మేమిద్దరమే కావడం మంచిదైంది. ఆ మాట అచ్చులో వేయడానికి పనికిరాదు. డాక్టరు మాత్రం చాలా సంతోషించాడు, ఇంకోసారి అనమన్నాడు.

సరస్వతీ పూజ నాటికి గొట్టం తీసేశారు. ఇంటికి వచ్చి, మాట నేర్చుకోవడానికీ మింగడం నేర్చుకోవడానికీ ఆసుపత్రి బెంచీల మీద పడిగాపులు పడ్డాను. గడ్డం ఛాతీకి ఆనించి, చిక్కటిది కొంచెం కొంచెం మింగాలి, నీళ్లకన్నా జావ నయం, ఇవి అక్కడ నేర్చుకున్నవి. ఇంకొకటి నేర్చుకున్నాను. ఆ బెంచీల మీద మనుషులు జబ్బుల గురించి మాట్లాడరు, ఇళ్ల గురించి మాట్లాడతారు. ఒక పెద్దాయన తన బొటనవేలు చూపించాడు. నీలం సిరా మరక. “మెలకువ వచ్చేసరికి ఇలా ఉంది. దేనిమీద పెట్టించారో పిల్లలు చెప్పడం లేదు” అన్నాడు. అని నవ్వాడు. ఆ నవ్వు నేను మరిచిపోలేను. నేను ఇన్ని కథలు అల్లాను కానీ, నా కథల్లో రాక్షసులకి కూడా అంత తెలివి పెట్టలేదు.

ఇంటికొచ్చేసరికి ధర్మారావు కొత్త పాట అందుకున్నాడు. నేను బతికింది అతని గంజివల్లేనట. రోగి బతికినా పోసిన చెయ్యి హక్కు పోదట. తమ్ముడు ప్రమోటరుతో విడిగా మాట్లాడుతున్నాడు. నాయనమ్మ సంగతి అడిగితే ధర్మారావు, “హౌరా అవతల మంచి ఆశ్రమం ఉంది పిన్నీ, గాలి బాగుంటుంది” అన్నాడు. మా అత్తకి గాలి మీద ఏనాడూ మోజు లేదు. ఆవిడకి కావలసింది చుట్టపొగ.

హెడ్‌మిస్ట్రెస్ నన్ను అలీపూర్‌లో ఒక లాయరు దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ చెప్పినది మీకోసం రాస్తున్నాను, ఎవరికైనా పనికొస్తుంది. నేను వీలునామా లేకుండా పోయుంటే చట్ట ప్రకారం గదులు మా అత్తకే వచ్చేవట. “కానీ చట్టం మీ సందులోకి నడిచి రాదు, ఆవిడే కోర్టుకి నడిచి రావాలి. వచ్చేలోగా ఇల్లే ఉండదు” అన్నాడాయన. కాబట్టి రాయండి. మాట ఉన్నప్పుడే రాయండి, నాలా పోగొట్టుకుని వెతుక్కోకండి. జబ్బు చేసి లేచినవాళ్లయితే బుద్ధి సరిగా ఉందని డాక్టరు చేత కాగితం రాయించుకోండి. ఆస్తిలో వాటా రాబోయేవాణ్ని సాక్షిగా పెట్టకండి. రిజిస్టరు చేయించండి. గదులు ఎవరికన్నది రాయడం తేలిక. మీ మీద ఆధారపడ్డ మనిషికి రేపు పొద్దున జావ ఎవరు కాస్తారన్నది కూడా రాయండి. అందరూ మరిచిపోయేది అదే. ఇక మీరు మంచాన పడితే డాక్టరుతో మాట్లాడేది ఎవరో ఒక్కరి పేరు ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. నలుగురు మాట్లాడితే ఐదోవాడు చెంచాతో వస్తాడు.

నేను ఇలా రాయించాను. మా అత్త ఉన్నంతకాలం గదులు ఆవిడవి, ఇల్లు పడగొడితే వచ్చే ఫ్లాటూ ఆవిడదే, ఎవరూ కదపకూడదు. పగలు ఒక ఆయాని పెట్టడానికి నా బ్యాంకులో ఉన్నది వాడాలి. అది చూసే బాధ్యత హెడ్‌మిస్ట్రెస్‌ది. సాక్షులు బౌదీ కొడుకూ, నాకు కాగితం ఇచ్చిన డాక్టరూ. అత్త తర్వాత ఎవరికన్నది కూడా రాశాను. ఆ పేరు ధర్మారావుకి ఒక రకంగా, తమ్ముడికి మరో రకంగా చెప్పాను. ఇద్దరూ ఇప్పుడు చాలా మర్యాదగా ఉంటున్నారు.

కానీ కాగితం సందుకి చాలదు. తవిటయ్యకి చదువు రాదు, చదివిస్తే నమ్మడు. ఆయన ఊఁ అనకపోతే నేను లేని రోజున మా అత్త గుమ్మంలో ఎవడో ఒకడు డబ్బాతో నిలబడతాడు. అందుకని చైత్రం ఎండల్లో, ప్రమోటరు పేర్లు రాసుకోవడానికి వస్తాడనగా ముందు రోజు, పెద్దమనుషుల్ని నేనే ఇంటికి పిలిచాను. ధర్మారావునీ, అతని భార్యనీ, సింహాచలాన్నీ కూడా.

అందర్నీ చాప మీద కూర్చోబెట్టి, నా పొయ్యి మీద, ఎడమచేత్తో గంజి కాచాను. చాలాసేపు పట్టింది.  తవిటయ్య గొంతు సవరించుకుని, “మరేటి మాస్టరమ్మా, సంగతి?” అన్నాడు.

“మన పద్ధతి సెప్పు మావా. అక్కు ఎవుళిది?” నా మాట ఇంకా ముద్దగానే వచ్చింది.

“రోగి పొయ్యి మీద కాసి, మా యెదర, నోటితో పోసినోళ్లది. ఆకర్న పోసిన సెయ్యి.”

“అయితే సూడండి.”

గోడకి ఆనుకుని కూర్చుని, గడ్డం ఛాతీకి ఆనించి, ఎడమచేత్తో చెంచా ఎత్తాను.  సగం చీర మీద పడింది. మిగిలింది నోట్లో పెట్టుకుని, ఎడమ బుగ్గలోకి తోసుకుని, ఆగి, మింగాను. కుడి మూతి నుంచి కారింది. తుడుచుకోలేదు. కావాలనే తుడుచుకోలేదు. ఇంకో చెంచా. ఇంకొకటి. పెద్దమనుషులకి చూడబుద్ధి కాలేదు, ఒకాయన తల తిప్పుకున్నాడు. “సూడాల బాబూ, సాచ్చికం కదా” అన్నాను. తిరిగి చూశాడు. ధర్మారావు భార్య ఫోను తీయలేదు ఈసారి.

గిన్నె సగమయ్యాక తవిటయ్య వైపు చూశాను. “ఆకర్న పోసిన సెయ్యి ఎవుళిది మావా?”

ఆయన నా కారుతున్న మూతి చూశాడు. “నీదే” అన్నాడు. “మరింక ఈ ఇంట్ల ఎవుళూ గిన్నె ఎట్టకండి” అని ఆ ఇద్దరికీ వినపడేలా అని, తలపాగా సర్దుకున్నాడు.

“ఆగండి, అయిపోలేదు” అన్నాను.

మా అత్త పొయ్యి పక్కన, ఆ గోడ దగ్గరే కూర్చుని ఉంది. జరుగుతున్నదేమిటో ఆవిడకి ఎంత తెలుసో నాకు తెలియదు. మిగిలిన గంజి గిన్నె ఈడ్చుకుంటూ వెళ్లి, అందరి ఎదుట, ఒక చెంచా ఆవిడ నోట్లో పెట్టాను. ఆవిడ దాన్ని నాలిక మీద అటూ ఇటూ తిప్పింది. ధర్మారావుని చూసింది, సింహాచలాన్ని చూసింది, నన్ను చూసింది.

“ఇన్నాళ్లూ వాసనే బాగుందే” అంది. “ఉప్పెయ్యనేదు.”